సాయంత్రం వోల్టేజి

మా కోడలు కొత్త టోస్టరు కొనుక్కొచ్చింది. కొడుకూ కోడలూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళే కాబట్టి పొద్దున పూట మా ఇంట్లో ఇడ్లీ పిండి జోలికి పోయేవాళ్ళు లేరు, రొట్టె ముక్కలే దిక్కు. ప్లగ్గు పెట్టి మీట నొక్కగానే దాని కడుపులోంచి సన్నటి పొగ లేచింది. "కంగారు పడకండి అత్తయ్యా, మొదటిసారి అలాగే వాసన వస్తుందట, కాగితంలో రాసుంది" అంది కోడలు. ఆ అమ్మాయిది గుంటూరు వైపు, ఏ పనైనా కాగితం చదివి మరీ చేస్తుంది.

నేను కంగారు పడలేదు. కొత్త తీగ మీద అంటుకుని ఉన్న నూనె, తీగ మొదటిసారి ఎర్రబడినప్పుడు కాలే వాసన అది. కాస్త ఇనుము, కాస్త ఆముదం, కాస్త మాడిన వెంట్రుక కలిసినట్టుంటుంది. చిన్నప్పుడు నా పుస్తకాలకూ, పరికిణీలకూ, దుప్పట్లకూ అదే వాసన ఉండేది. మా ఇంటి వాసనే అది. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. కోడలు వెనకాలే వచ్చి "పొగ పడలేదా అత్తయ్యా?" అని అడిగింది. ఏం చెప్పను ఆ పిల్లకు? అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మద్రాసు చూలై పేటలో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటివాళ్ళు పోపు వేస్తే మేము తుమ్మేవాళ్ళం. సందు మొదట్లో రేకు డబ్బాలు కొట్టేవాళ్ళు, వాళ్ళ పక్కన అట్టపెట్టెలు అంటించేవాళ్ళు, ఆ తర్వాత మేము. పగలంతా రేకుల మోత, మైదా జిగురు కంపు. మాకు రెండే గదులు. ముందు గది నాయనది, వెనక గది మిగిలిన లోకానిది. అమ్మ, అవ్వ, అక్క, నేను, దేవుడి పటాలు, బియ్యం డబ్బా, అందరం ఆ వెనక గదిలోనే సర్దుకునేవాళ్ళం.

నాయన కరెంటు పొయ్యిలు చేసేవాడు. ఇప్పటి పిల్లలు వాటిని చూసి ఉండరు. గుండ్రటి పింగాణి పళ్ళెం, దాని మీద చుట్లు చుట్లుగా గాడి, ఆ గాడిలో స్ప్రింగులా చుట్టిన నైక్రోమ్ తీగ. ప్లగ్గు పెడితే తీగ ఎర్రగా కాలుతుంది, దాని పైన గిన్నె పెట్టుకోవడమే. ఆ తీగ చుట్టనే కాయిల్ అనేవాళ్ళం. పళ్ళేలు బయటినుంచి వచ్చేవి, కాయిల్ మాత్రం మా ఇంట్లోనే తయారయ్యేది. ఒక సన్నటి ఇనుప కమ్మీ, దాని చివర చేతిపిడి. అమ్మ పిడి తిప్పుతుంటే నాయన తీగను వేళ్ళ మధ్య బిగబట్టి కొంచెం కొంచెంగా వదిలేవాడు. అమ్మ ఏమాత్రం తొందరపడినా తీగ నాయన వేలు కోసేది. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్న రోజున నాయన ముందుగానే వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని కూర్చునేవాడు. అమ్మ మూతి ముడుచుకుని పిడి తిప్పుతూ, ఆ పేలికలు చూసి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. పోట్లాట అక్కడికి సరి.

ఎంత పొడవు తీగ చుట్టాలో గోడ మీది మేకులు చెప్పేవి. నాయనకు పని నేర్పిన పెద్దాయన తన చేత్తో కొట్టిన మేకులవి. ఈ మేకు నుంచి ఆ మేకుకు తీగ లాగి కొలిస్తే వెయ్యి వాట్ల కాయిల్ అయినట్టు. ఎందుకు అంతే పొడవు అని నాయనా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చేసిన ప్రతి పొయ్యినీ వెలిగించి చూడందే నాయన గడప దాటించేవాడు కాదు. అయితే ఉత్తినే వెలిగించి ఆర్పేయడం మా అవ్వకు గిట్టదు. "నిప్పు సుమ్మా కాలిపోతా ఉంటే కొంపకు మంచిది కాదురా. దాని మింద ఏదన్నా పెట్టు" అని నాయన వెంట పడేది. దాంతో మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. రోజంతా చేసిన పొయ్యిలను వంట వేళ దాకా ఆపి, దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్కటే వెలిగించేవాళ్ళు. పరీక్షకు పరీక్షా అయ్యేది, వంటకు వంటా అయ్యేది. మొదటి పొయ్యి మీద అన్నం, రెండోదాని మీద చింతపండు పులుసు, మూడోది వెలిగేసరికి అవ్వ నెత్తళ్ళ చేపలు వేయించడానికి పీట వేసుకుని సిద్ధం. మొదటి పొగ పోయేదాకా గిన్నె పెట్టనిచ్చేది కాదు. ఆ నూనె పొగను సాంబ్రాణిలాగా కొంగుతో దేవుడి పటాల వైపు విసిరేది. మా ఇంటి దేవుళ్ళందరూ కాస్త నల్లగానే ఉండేవాళ్ళు.

అప్పళం నేరుగా కాయిల్ పైన పట్టుకుంటే దాని మీద చుట్టలు చుట్టలుగా మచ్చ పడేది. ఎవరి అప్పళం మీద మచ్చ గుండ్రంగా వస్తే వాళ్ళకు మరొకటి. ఒకసారి నేను వేరుశనగ గింజలు గాడిలో వరసగా పేర్చి, పొయ్యి వెలిగేదాకా కొంగజపం చేస్తూ కూర్చున్నాను. వాటిలో ఒక గింజ తీగ కిందికి జారిపోయింది. ఆ పొయ్యి కొన్నాయన మూడు వీధుల అవతలనుంచి మోసుకొచ్చి, "ఏం పెట్టినా సెనక్కాయ వాసన వస్తా ఉండాది, ఏందయ్యా ఇది?" అని అడిగాడు. నాయన తల గోక్కున్నాడు. నేను అవ్వ వెనక దాక్కున్నాను. అక్క నా జడ పట్టి ముందుకు లాగి, తనే సూదితో ఆ మాడిన గింజ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోట్లో వేసుకుని "వేగింది లే" అన్నాడు.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. కార్పొరేషన్ బడిలో తెలుగు మీడియం. సందులో ఆడపిల్లలు లెక్కలు వచ్చేసరికి బడి మానేసి అట్టపెట్టెలు అంటించడానికి కూర్చునేవాళ్ళు. అక్కకు మాత్రం లెక్కలు వచ్చాకే బడి మీద ప్రేమ పుట్టింది. ఆ ఏడు సైన్సులో కరెంటు పాఠం మొదలైంది. అక్క ఇంటికి వచ్చి ముందు గది వాకిట్లో నిలబడి, ఆ గదిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "మన ఇంట్లో ఉండేదంతా పుస్తకంలో ఉండాది నాయనా" అంది. బడి చదువు అయ్యాక ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానని ఆ రోజే ప్రకటించింది. అమ్మ "ఆడపిల్లకు కరెంటు సదువేందే?" అంది. నాయన మాత్రం "సరి, పాస్ అయ్యి రా, నేనే వచ్చి చేర్పిస్తా" అన్నాడు. అప్పటినుంచి అక్క నడకే మారిపోయింది.

ఆమె పోరు పడలేక నాయన మూర్ మార్కెట్‌కు వెళ్ళి పాత మీటర్లు రెండు తెచ్చాడు. ఒకటి వోల్టులు చూపేది, ఒకటి ఆంపులు చూపేది. వాటిని చెక్కకు బిగించి గోడకు తగిలించారు. అవ్వ రెండిటికీ కుంకుమ బొట్లు పెట్టింది. వోల్టుల మీటరు అద్దానికి సరిగ్గా నడిమధ్యన పెట్టడంతో అక్క దాన్ని చూసి తల బాదుకుంది.

ఆ సాయంత్రం మొదటి పొయ్యి వెలిగింది. పైన అన్నం గిన్నె. అక్క రెండు ముళ్ళనూ చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకుని, మళ్ళీ చూసింది.

"నాయనా, ఇది వెయ్యి కాదు."

"మరెంత?"

"ఏడునూర్ల యాభై."

నాయన నవ్వాడు. "అట్లెట్ల చెప్తావు?"

"చూడు. ఈడ రెండునూర్ల వోల్టులు ఉండాది. ఆడ మూడుంముప్పావు ఆంపులు. రెండిటినీ గుణిస్తే వాట్లు. ఏడునూర్ల యాభై దానే?"

"సరి. దానికేం చేయాల?"

"వోల్టులను ఆంపులతో భాగిస్తే తీగ నిరోధం తెలుస్తుంది. అంటే తీగ కరెంటును ఎంత ఆపుతా ఉండాదో అది. ఇప్పుడు యాభైమూడు ఓములు. అది నలభైకి దిగాల. అప్పుడు అయిదు ఆంపులు లాగుతుంది. అయిదును రెండునూర్లతో గుణించు, వెయ్యి. తీగ పొడవు తగ్గిస్తే నిరోధం తగ్గుతుంది."

వెనక గదిలోంచి అమ్మ, "ఇన్నేండ్లు అందురూ ఆ పొయ్యిల మిందనే కదా వండుకుంటా ఉండారు? ఎవురన్నా వచ్చి అడిగినారా?" అంది.

"అడగలేదని తక్కువ ఇస్తామా అమ్మా? వెయ్యి అని చెప్పి అమ్ముతా ఉండాం" అంది అక్క. ఆ మాట నాయనకు తగిలింది. ఆయన నిజాయితీపరుడు, దాని గురించి కాస్త గొప్ప కూడా ఉండేది. గోడ మీది మేకుల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తనకు పని నేర్పిన మనిషి లెక్క తప్పయిందని ఒప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమైందో ఆ మొహంలో కనబడింది. మర్నాడు పాత మేకుకు కొంచెం ఇవతల కొత్త మేకు కొట్టాడు. అక్కను పిలిచి సుత్తి చేతికిచ్చి, చివరి దెబ్బ ఆమె చేత కొట్టించాడు.

కొత్త కాయిళ్ళు ఆ సాయంత్రమే వెలిగాయి. అయిదు ఆంపులు, రెండువందల వోల్టులు. అచ్చంగా వెయ్యి. అన్నం చిటికెలో ఉడికింది. అవ్వ "ఇంకా నా దండం కూడా కాలేదు, అప్పుడే గంజి పొంగి పోతా ఉండాది" అని మురిసిపోయింది. నాయన సందులో అందరినీ పిలిచి చూపించాడు. రేకు డబ్బాలాయన ముక్కున వేలేసుకున్నాడు. అక్క నేల చూపులు చూస్తూ నిలబడింది కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అంత సంతోషంగా ఉన్న అక్కను ఆ తర్వాత నేను చూడలేదు.

మా ఇంట్లో ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఒకటుంది. సందంతా దీపాలు వెలిగే వేళకు మా గుండు బల్బు గుమ్మడిపువ్వు రంగుకు దిగిపోయేది. "కరెంటు నీరసపడింది" అనేది అవ్వ, రోజూ అదే మాట. పొద్దున మాత్రం అదే బల్బు కళ్ళు చెదిరేలా వెలిగేది. పొయ్యిలను మేము ఎప్పుడూ నీరసపు కరెంటులోనే పరీక్షించేవాళ్ళం, ఎందుకంటే మా అన్నం ఉడకాల్సింది అప్పుడే. బల్బు సంగతీ పొయ్యి సంగతీ ఒకటేనని ఎవరికీ తట్టలేదు. అక్క పుస్తకంలో లెక్కకు ముందే వోల్టేజి ఇచ్చి ఉంటుంది. ఇచ్చింది పూటకొక రకంగా మారుతుందని ఆ పుస్తకం ఎక్కడా చెప్పలేదు.

మా పక్క వీధిలో ఒక మెస్సు ఉండేది. పెళ్ళికాని ఉద్యోగస్తులు తినేది. ఇడ్లీలకు కట్టెల పొయ్యి, పాలకూ కాఫీకీ మా కరెంటు పొయ్యిలు. అక్కడ వంట చేసే ఆమెను మేము మెస్సు అత్త అని పిలిచేవాళ్ళం. క్రైస్తవులు, మా తెలుగువాళ్ళే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం గుడికి వెళ్ళి వస్తూ మా ఇంట్లో ఆగి, అవ్వతో వక్కాకు నములుతూ లోకంలో అందరినీ కడిగి ఆరవేసేది. అక్కంటే ప్రాణం. "ఈ పాప పెద్ద ఇంజనీరమ్మ అవుతుంది చూస్తా ఉండండి" అనేది. మెస్సుకు పాత పొయ్యి పాడైతే కొత్త కాయిల్ వేసినది నాయన పంపాడు. అక్కే మోసుకెళ్ళి ఇచ్చింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున మెస్సు కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెల్లవారి పాలు కాస్తుండగా కాయిల్ తెల్లగా మెరిసి ఫట్‌మని తెగిందట. తెగిన కొన పైకి లేచి అల్యూమినియం గిన్నెకు తగిలిందట. అత్త అదే క్షణాన గిన్నె పట్టుకుంది. కరెంటు కొట్టి విసిరేస్తే, పొంగుతున్న పాలు కుడి చేతి మీద ఒలికిపోయాయి.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసి అత్త నొప్పిలోనే నవ్వింది. కట్టులోంచి కొసలు మాత్రం కనబడుతున్న వేళ్ళు వాచి, రంగు మారి ఉన్నాయి. అక్క వాటినే చూస్తూ నిలబడింది. "ఏం కాలేదు పాపా, దేవుడు పానం మిగిల్చినాడు కదా" అంది అత్త.

మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికి ముందు గదిలో బల్బు ధగధగ వెలుగుతోంది. అక్క ఒక్కతే కూర్చుని పొయ్యి వెలిగించి మీటర్లు చూస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. వోల్టుల ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి చాలా దూరం పోయింది. అక్క నన్ను చూడకుండానే మెల్లగా చెప్పుకుంది. "రెండునూర్ల నలభై. ఆరు ఆంపులు. భాగిస్తే నలభై. నిరోధం అదే నలభై." మళ్ళీ ముల్లు చూసింది. "గుణిస్తే పద్నాలుగునూర్ల నలభై." తర్వాత పాత మేకు కొలత కాయిల్ ఒకటి తెచ్చి వెలిగించింది. నాలుగున్నర ఆంపులు, వెయ్యీ ఎనభై వాట్లు. ఆ పెద్దాయన కొట్టిన మేకు ఈ వెలుగుకు సరిపోయేలాగే కొట్టి ఉంది. అక్క ప్లగ్గు పీకి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

నాయన లేచాక అన్నీ చెప్పింది. ఆయన గబగబా ఆమె తల పట్టుకుని కడుపుకు అదుముకున్నాడు. "నీ తప్పు కాదమ్మా. నీ లెక్క సరిగ్గానే ఉండాది. కరెంటు ఒక్కోపూట ఒక్కోమాదిరి ఉంటే నువ్వేం చేస్తావు? నీ తప్పు కాదు" అన్నాడు. అమ్మ కూడా అదే అంది. అవ్వయితే "పసిబిడ్డ మింద ఎవురన్నా మాట అన్యారంటే నాలిక కోస్తా" అని సందుకంతా వినబడేలా చెప్పింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాయన తను పంపిన కొత్త కాయిళ్ళన్నీ ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాడు. కొత్త మేకు పీకేశాడు.

అత్త పనికి రాకపోతే మెస్సువాడు వేరే మనిషిని పెట్టుకుంటాడు. అది తెలిసి అక్క తెల్లవారుజామునే మెస్సుకు వెళ్ళడం మొదలుపెట్టింది. అత్త చెయ్యి నయమయ్యేదాకా ఆమె బదులు తాను చేస్తానంది. ఇడ్లీలు పొయ్యడం, చట్నీ రుబ్బడం, కట్టెల పొయ్యి రాజేయడం. అన్నీ అయ్యేసరికి బడి గంట కొట్టేసేది. మొదట్లో ఆలస్యంగానైనా బడికి వెళ్ళింది. తర్వాత వారంలో కొన్ని రోజులు మానేసింది. తర్వాత బడి మాటే ఎత్తలేదు.

సైన్సు టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాయి, ఈ పిల్ల రాయకపోతే ఇంకెవరు రాస్తారు అని నాయనను నిలదీసింది. అక్క వెనక గదిలో బియ్యం డబ్బా పక్కన మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది, ఎంత పిలిచినా రాలేదు. టీచరమ్మ వెళ్ళిపోయాక నాయన ఆమె ఎదుట నేల మీద చతికిలబడ్డాడు. "నేను నిన్ను పాలిటెక్నిక్‌కు తోడుకోని పోతానని చెప్పినాను కదమ్మా. నా మాట పోగొట్టద్దు. నీ తప్పు ఏమీ లేదు, నేను చెప్తా ఉండా కదా" అని బతిమాలాడు. అక్క "అత్త చెయ్యి బాగయినాక పోతా నాయనా" అంది. పరీక్షలు వచ్చాయి, పోయాయి.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సెలవుల్లో రోజూ మెస్సు వెనక వాకిలి దగ్గర కాపలా కాసేదాన్ని. ఒక మధ్యాహ్నం వంటలు అయిపోయాక, అత్త అక్కను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. జడను మూడు పాయలు తీసి, రెండు చేతులతోనూ చకచకా అల్లేసి, కనకాంబరాలు తురిమింది. కుడి చేతి చర్మం ముడతలు పడి మెరుస్తోంది కానీ, వేళ్ళన్నీ చక్కగా కదులుతున్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇంటికి వస్తుంటే దారిలో అక్కను పట్టుకున్నాను.

"అత్త చెయ్యి బాగయిపోయింది! నీకు జడ వేసింది, నేను చూసినా!"

"తెలుసు" అంది అక్క.

"తెలిసి ఇంకా ఎందుకు పోతా ఉండావు?"

అక్క దారిలో అప్పళాలు కొని, నాకొకటి పచ్చిదే విరిచి ఇచ్చింది. నేను విసిరేశాను.

అలాగే ఏళ్ళు గడిచిపోయాయి. ఎవరైనా చెయ్యి పట్టి ఆపి ఉంటే ఆగేదేమో, కానీ అందరం ఆమె తనంతట తానే వస్తుందని చూస్తూ కూర్చున్నాం. అత్త ముసలిదై పోయినప్పుడు పక్కన ఉన్నది అక్కే. మెస్సు చేతులు మారింది, గ్యాసు పొయ్యిలు వచ్చాయి, అక్క మాత్రం ఆ వంటింట్లోనే ఉండిపోయింది. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి లేచిపోయేది. కరెంటు పొయ్యిలు అడిగేవాళ్ళు లేక నాయన పని కూడా మూతబడింది. నేను చదువుకుని, పెళ్ళి చేసుకుని, కోడంబాక్కం వచ్చేశాను. మా సందులో ఇప్పుడు మొబైల్ ఫోన్ల అద్దాలు మూటలు మూటలుగా దిగుతాయి. రేకుల మోత లేదు, ఎవరి పోపూ ఎవరికీ తుమ్ము తెప్పించడం లేదు.

ఫ్యూజు పోయినా అక్క ముట్టుకునేది కాదు. కూరగాయలు కూడా కళ్ళతోనే కొలిచేది, నోటితో అంకె పలికేది కాదు. నాయన చివరి రోజుల్లో మంచం మీద ఉండి, ఆమె గంజి పట్టుకొస్తే, "నీ లెక్క సరిగ్గానే ఉండాది తల్లీ, నీ తప్పు కాదు" అనేవాడు. ప్రతిసారీ అదే. ఆమె గంజి తాగించి, మూతి తుడిచి వెళ్ళిపోయేది.

పోయినేడు అక్క ఆసుపత్రిలో పడింది. మధ్యాహ్నాలు నేను వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు బత్తాయి తొనలు ఒలిచి పెడుతుంటే, పక్క మంచం ఆమె మనవరాలు నేల మీద కూర్చుని ఇంటిపని చేసుకుంటోంది. వోల్టులూ ఆంపులూ. పైకి చదువుకుంటూ భాగించాల్సిన చోట గుణించింది. అక్క కళ్ళు మూసుకునే, "భాగించు పాపా, వాళ్ళు అడిగింది నిరోధం" అంది. అన్నేళ్ళ తర్వాత ఆ మాట ఆమె నోట విన్నాను. ఆగలేకపోయాను.

"నీ లెక్క తప్పు కాదే అక్కా. ఆ రోజు కూడా కాదు" అన్నాను.

అక్క కళ్ళు తెరిచి నా వైపు చూసింది. కోపం లేదు. అలిసిపోయి ఉంది.

"నువ్వు కూడా అదే అంటా ఉండావా? నాయన సచ్చేదాకా అదే. అమ్మా అదే, అవ్వా అదే. అత్త కూడా, ఆ చెయ్యి పెట్టుకోని, నీ తప్పు లేదు పాపా అనింది. తప్పేనే. పొద్దున పూట ఒక్కసారి ఎలిగించి చూడాల. చూడలేదు. బల్బు ఎట్ల ఎలుగుతుందో రోజూ చూస్తానే ఉండాను, అయినా తోచలేదు. అది నా తప్పే. తప్పు చేసినావే, సరి, ఏడ్చేసి మొగం కడుక్కోని బడికి పో అని ఒక్కరు, ఒక్కరన్నా అనుంటే, నేను ఏడ్చేసి పొయ్యుంటానే. అందురూ లేదు లేదంటే, నేను దాన్ని ఎవురి దెగ్గిర పెట్టుకోని ఏడ్చేది?"

ఎంత ప్రేమగా చూసుకున్నాం ఆమెను! తప్పు అనే మాట ఆమె దరిదాపులకు రాకుండా ఇంటిల్లిపాదీ చుట్టూ కాపలా కాశాం. ఆ మాట ఎప్పుడో ఆమె లోపలికి పోయి కూర్చుందని మాకు తెలియదు. ఒక్క తిట్టు చాలు ఆ పిల్లకు, ఒక్క దెబ్బయినా చాలు. వీపు నిమరడానికి ఇంతమందిమి ఉన్నాం కానీ, ఆ తిట్టు తిట్టగలిగిన మనిషి ఒక్కరూ లేకపోయారు.

ఇప్పుడైనా ఆ మాట అందామని నోరు తెరిచాను. మంచం మీద తెల్లజుట్టు మనిషి పడుకుని ఉంది. తిట్టవలసిన నాయన లేడు, వెళ్ళవలసిన బడి లేదు. అక్క మళ్ళీ కళ్ళు మూసుకుంది. కింద ఆ పిల్ల భాగించడం పూర్తిచేసి, సరిగ్గా వచ్చిందా అని అక్కను అడుగుతోంది.